కొయ్యను నిలబెట్టే మూడు తీగలు





ఈసారి మనం తెరచాప పడవ గురించి మాట్లాడుకుందాం. ఆ పడవలో నిలబెట్టే కొయ్య గురించి, ఆ కొయ్యను పట్టుకుని ఉండే తీగల గురించి, వాటిని కాపాడుకునే పద్ధతి గురించి చెప్పుకుందాం. మీలో చాలామందికి పడవ ఉండదు. "ధమ్మం చెప్పాల్సిన పుస్తకంలో పడవ తాళ్ల గొడవ ఎందుకండీ?" అని మీకు అనిపించవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పుకుందాం.

తథాగతుడు పనిచేసే మనుషుల మధ్య తిరిగినవాడు. ఆయన ఉదాహరణలు వడ్రంగి బాడిస నుంచి, కుమ్మరి మట్టి నుంచి, రైతు పొలం నుంచి, వీణ తీగ నుంచి వచ్చాయి. సంయుత్త నికాయంలోని ఖంధ సంయుత్తంలో ఆయన సముద్రపు ఓడ కట్ల గురించే ఒక ఉపమానం చెప్పాడు. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

ఇక మన నేల సంగతి. సాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కృష్ణా జిల్లా ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో "మహానావికుడు" అనే మాట ఉంది. అమరావతి స్తూపం వెలిగిన రోజుల్లోనే మన తీరం నుంచి ఓడలు సముద్రం మీదికి వెళ్లేవి. బౌద్ధమూ, ఓడా రెండూ ఈ నేలకు కొత్త కాదు. అందుకే ఈ మాట మనకు పరాయిది కాదు.

ముందు పడవను చూద్దాం

హైదరాబాదులో ఉన్నవాళ్లు వానాకాలంలో గాలి బాగా వీచే రోజున హుస్సేన్‌సాగర్ గట్టు మీద నిలబడి చూడండి. నీళ్ల మధ్య నిలబడిన బుద్ధ విగ్రహం ఉన్న చెరువులోనే చిన్న చిన్న తెరచాప పడవలు తిరుగుతూ కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఒక్క మనిషి నడిపేవి. లేజర్, ఆప్టిమిస్ట్ అనే రకాలు అలాంటివే. వాటి కొయ్యకు తీగలు ఉండవు. కొయ్య అడుగు పడవలోకి దిగి, దాని బలం మీదే నిలబడుతుంది. ఎంటర్‌ప్రైజ్, 420 లాంటి ఇద్దరు నడిపే పడవల సంగతి వేరు. పేరుకు కొయ్య అంటున్నాం గానీ ఇప్పుడది అల్యూమినియం గొట్టం. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చాప ఎత్తి గాలి పట్టాక ఆ కొయ్య తనంతట తాను నిలబడలేదు. మూడు తీగలు దాన్ని పట్టుకుని ఉంటాయి.

ఒకటి ముందు తీగ. కొయ్య పైభాగం నుంచి పడవ ముక్కు దాకా వస్తుంది. కొయ్య వెనక్కి పడిపోకుండా ఆపుతుంది. మిగిలిన రెండూ పక్క తీగలు. కుడి అంచుకు ఒకటి, ఎడమ అంచుకు ఒకటి. ఇవి కొయ్య పక్కకు ఒరిగిపోకుండా చూస్తాయి. వీటిని కొయ్యకు కాస్త వెనగ్గా బిగిస్తారు కాబట్టి ముందుకు పడకుండా ఆపేదీ ఇవే.

ఒక్కో తీగ లావు 2–3 మిల్లీమీటర్లు. అంటే మీ చెప్పు దారమంత. దగ్గరగా చూస్తే అందులో 19 పోగులు కనిపిస్తాయి. మధ్యలో 1, దాని చుట్టూ 6, వాటి మీద 12. అన్నీ కలిపి మెలేసిన స్టెయిన్‌లెస్ స్టీలు. గాలి చాపను తోస్తుంది. చాప కొయ్యను లాగుతుంది. కొయ్య ఆ బరువును తీగలకు అప్పగిస్తుంది. తీగలు పడవ ఒంటికి అందిస్తాయి. అప్పుడు పడవ కదులుతుంది. తీగలు కొయ్యను పడిపోకుండా ఆపడం ఒక్కటే చేయవు, గాలి బలాన్ని పడవకు చేర్చేదీ అవే. దూరం నుంచి చూసేవాళ్లకు చాప కనబడుతుంది, కొయ్య కనబడుతుంది. తీగలు కనబడవు.

బాబాసాహెబ్ చెప్పిన మూడు

1956 మే నెలలో బాబాసాహెబ్ బీబీసీ రేడియో ప్రసంగంలో తనకు బౌద్ధం ఎందుకు నచ్చిందో వివరించారు. మూడు సూత్రాలు కలిపి ఇచ్చేది బౌద్ధం ఒక్కటే, అందుకే నచ్చింది అన్నారు. ఆ మూడూ ప్రజ్ఞ, కరుణ, సమత. ప్రజ్ఞ అంటే మూఢనమ్మకాలకు, మానవాతీత శక్తుల మీద నమ్మకానికి ఎదురు నిలిచే అవగాహన. కరుణ అంటే ప్రేమ. సమత అంటే మనిషికీ మనిషికీ సమానత్వం. ఇందులో "కలిపి" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. పడవ కొయ్యకు రెండు తీగలు చాలవు. మూడూ ఉండాలి, ఒకేసారి ఉండాలి.

ఆ ఏడాదే అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో కలిసి ఆయన ధమ్మ దీక్ష తీసుకున్నారు. 22 ప్రతిజ్ఞలు చేయించారు. తరతరాలుగా ఒడ్డున పడి ఉన్న మన పడవకు ఆ రోజు కొయ్య ఎత్తారు. సరిగ్గా 53 రోజులకు, డిసెంబరు 6న, ఆయన మహాపరినిర్వాణం చెందారు. కొయ్య ఎత్తడం ఒక్క రోజు పని. ఎత్తిన కొయ్యను నిలబెట్టి ఉంచడం ప్రతి రోజూ చేయాల్సిన పని. ఆ పని ఆయన మన చేతిలో పెట్టి వెళ్లారు. మరి మనం చేస్తున్నామా? తీగ తీగనూ పట్టుకుని చూద్దాం.

ముందు తీగ: ప్రజ్ఞ

ఎదురుగా ఉన్న తీగ కాబట్టి ఇది బాగానే ఉందని మనం అనుకుంటాం. పడవ వాళ్లు అలా అనుకోరు. తీగలో 19 పోగులుంటే ఒక్కటే ముందు తెగుతుంది. దూరం నుంచి కనబడదు. వట్టి చేత్తో తడమకూడదు, తెగిన పోగు సూదిలా గుచ్చుకుంటుంది. అందుకని వాళ్లు కాస్త దూది తీసుకుని తీగ పొడవునా పైనుంచి కింది దాకా తుడుస్తారు. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుందంటే అక్కడ తీగ పోగు తెగిందన్న మాట. ఒక్క పోగే కదా అని వదలరు. ఒకటి తెగిందంటే మిగతా 18 పోగుల మీద బరువు పెరిగింది. అవీ అదే వయసువి, అదే ఎండలో ఎండినవి. కాబట్టి ఆ తీగనే తీసేసి కొత్తది వేస్తారు.

ఇప్పుడు మన ఇంట్లో దూదితో తుడిచి చూద్దాం. గోడ మీద బుద్ధుడి పటం ఉంది, బాబాసాహెబ్ పటం ఉంది. ఆదివారం వందన చేస్తాం. బాగుంది. పిల్లకి సంబంధం కుదిరితే ముహూర్తం ఎవరిని అడిగాం? కొత్త ఇంటికి గుమ్మం ఏ దిక్కున పెట్టాలో ఎవరు చెప్పారు? పసిబిడ్డ పాలు తాగకపోతే ముందు ఆసుపత్రికి వెళ్లామా, దిష్టి తీశామా? "అదేముందండీ, పెద్దవాళ్ల తృప్తి కోసం" అంటాం. దూది చిక్కుకున్నది అక్కడే. పెద్దవాళ్లను నొప్పించమని ఎవరూ చెప్పడం లేదు. వాళ్ల పక్కన కూర్చుని, నెమ్మదిగా, గౌరవంగా వివరించడం కూడా ధమ్మ పనే. వివరించడం మానేసి "ఒక్కసారికి పోనీ" అన్నామంటే పోగు తెగింది. రెండోసారి అదే చోట రెండో పోగు తెగుతుంది.

కొయ్యకు పూలదండ వేస్తే తీగకు బలం రాదు. పడవ ముక్కున నిమ్మకాయలు కట్టినా తెగిన పోగు అతుక్కోదు. చూడాలి, తెలుసుకోవాలి, మార్చాలి. ప్రజ్ఞ అంటే ఇంతే.

పక్క తీగలు: సమత, కరుణ

పక్క తీగల దగ్గర ఒక విశేషం ఉంది. రెండూ ఒకేసారి సమానంగా బరువు మోయవు. గాలి ఎటునుంచి వస్తే ఆ వైపు తీగ బిగుస్తుంది, కొయ్యను పట్టి ఆపేది అదే. అవతలి వైపు తీగ కాస్త వదులవుతుంది. పడవ మలుపు తిరగగానే పని తారుమారవుతుంది. ఇప్పటిదాకా ఊరికే ఉన్న తీగ మీద ఒక్కసారిగా బరువంతా పడుతుంది. అది పాడై ఉంటే సంగతి ఆ క్షణంలోనే బయటపడుతుంది. కొయ్య విరిగేది ఎక్కువగా ఇలాంటి మలుపుల్లోనే.

మన మీదికి గాలి వీచినప్పుడు, అంటే పైవాడు మనల్ని తొక్కాలని చూసినప్పుడు, బరువు మోసేది సమత తీగ. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ గాలులకు మన పెద్దలు ఒరగకుండా నిలబడ్డది ఆ తీగ బలం మీదే. "నువ్వూ మనిషివే, నేనూ మనిషినే" అన్న ఆ తీగను మనం బాగా చూసుకుంటాం. రోజూ తుడుస్తాం. సభల్లో చూపిస్తాం. మంచిదే.

మలుపు తిరిగినప్పుడు ఏమవుతుంది? గాలి మన వైపు నుంచి అవతలి వాళ్ల మీదికి వీచేటప్పుడు, అంటే మన చేతిలో కాస్త బలం ఉన్నప్పుడు ఏమవుతుంది? ఇంటి గుమ్మం లోపల, భార్య ముందు మనం పైవాళ్లం. ఉద్యోగం వచ్చి పట్నంలో స్థిరపడ్డాక, ఊళ్లో మిగిలిపోయిన తమ్ముడి ముందు మనం పైవాళ్లం. మాల ఇంటికి మాదిగ ఇంటి నుంచి సంబంధం వస్తే, మాదిగ ఇంటికి రెల్లి ఇంటి నుంచి సంబంధం వస్తే, ఉన్నట్టుండి మనం పైవాళ్లం అయిపోతాం. అప్పుడు బరువు మోయాల్సింది కరుణ తీగ. దాన్ని ఎప్పుడు చూశాం? చివరిసారి ఎప్పుడు దూదితో తుడిచాం?

సాయంత్రం సభలో సమానత్వం గురించి గొంతు చించుకుని మాట్లాడి, రాత్రి తాగి ఇంటికొచ్చి ఆడమనిషి మీద చెయ్యెత్తితే, ఆ ఇంట్లో కొయ్య అప్పుడే విరిగింది. బయటివాళ్లకు ఇంకా చప్పుడు వినబడలేదు, అంతే. మత్తు పదార్థాలకు దూరంగా ఉండాలన్న శీలాన్ని పంచశీలలో పెట్టింది ఇందుకే. 22 ప్రతిజ్ఞల్లోనూ మద్యం తాగనన్న ప్రతిజ్ఞ ఉంది. గుర్తుంచుకోండి, గాలి వచ్చే వైపు తీగను ఒక్కదాన్నే చూసుకునే పడవ వాడు ఒడ్డు చేరడు.

మచ్చ పట్టదన్న పేరు

తీగ స్టెయిన్‌లెస్ స్టీలుది. ఆ మాటకు అర్థమే మచ్చ పట్టనిది అని. పేరు చూసి మోసపోవద్దు. ఆ ఉక్కు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని పైన ఉండే అతి పలచని పొర. గాలిలోని ఆక్సిజన్ తగులుతున్నంత కాలం ఆ పొర చెరిగినా మళ్లీ ఏర్పడుతుంది. గాలి తగలని చోట, ఉప్పునీరు చేరి నిలిచిన సందులో, ఆ పొర పోయి లోలోపల గుంటలు పడతాయి. అందుకే తీగ నడుమ మెరుస్తూ ఉంటుంది, పాడయ్యేది చివర్లు. బిగింపు గొట్టంలోకి తీగ దూరే చోట, అందంగా టేపు చుట్టేసిన చోట. పని తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, సముద్రం నుంచి రాగానే తీగల్ని మంచినీళ్లతో కడుగుతారు. టేపు విప్పి చూస్తారు. గొట్టం మూతి దగ్గర గోధుమరంగు చార కనిపిస్తే, గొట్టం మీద సన్నని పగులు కనిపిస్తే ఆ తీగను పక్కన పెడతారు. పైకి బాగున్నా సరే, సముద్రంలో తిరిగే పడవల తీగలను 10–15 ఏళ్లకోసారి మొత్తంగా మార్చేయడం ఆనవాయితీ.

"మాది మూడు తరాల బౌద్ధ కుటుంబం" అని కొందరు గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడదగ్గ మాటే. ఆ మాట టేపులా పనిచేయకుండా చూసుకోవాలి. తాత తీసుకున్న దీక్ష మనవడికి తీగ కాదు. తాత వేసిన తీగ తాతను నిలబెట్టింది. మనవడు తన తీగ తానే వేసుకోవాలి, అర్థం చేసుకుని వేసుకోవాలి. కప్పి పెట్టింది కుళ్లుతుంది. గాలి తగిలేలా ఉంచింది నిలుస్తుంది. ఇంట్లో పిల్లలు "బుద్ధుడు ఇలా ఎందుకన్నాడు? మనం ఇలా ఎందుకు చేయాలి?" అని అడిగితే కసురుకోకండి. వాళ్ల ప్రశ్నే ఆక్సిజన్.

బిగువు ఎంత ఉండాలి?

కొత్తగా నేర్చుకునేవాళ్లు రెండు తప్పులు చేస్తారు. కొందరు తీగను వదులుగా వదిలేస్తారు. అప్పుడు ప్రతి అలకూ కొయ్య ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ తీగ ఒక్క కుదుపుతో బిగుస్తుంది. నెమ్మదిగా లాగితే తెగని తీగ కుదుపులకు తెగుతుంది. మరికొందరు భయంతో బిగించి బిగించి పెడతారు. అప్పుడు కొయ్య వంగుతుంది, తీగను పట్టిన పడవ అంచు లేచిపోతుంది. రెండు పక్కలా బిగువు సమానంగా లేకపోతే కొయ్య ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆ పడవ ఎంత నడిపినా ఒకవైపు బాగా, ఇంకోవైపు బరువుగా పోతుంది.

సోణ కోళివిసుడి కథ మీకు తెలిసే ఉంటుంది. అరికాళ్లు రక్తం కారేదాకా నడుస్తూ సాధన చేసి, ఫలితం కనబడక, ఇంటికి తిరిగి వెళ్లిపోదామా అనుకున్నాడు. ఇల్లు వదలక ముందు అతను వీణ వాయించేవాడు. తథాగతుడు అతన్ని వీణ తీగల గురించి అడిగాడు. తీగ మరీ బిగిస్తే నాదం పలకదు, మరీ వదిలినా పలకదు, సమంగా ఉంటేనే పలుకుతుంది. ప్రయత్నమూ అంతే అన్నాడు. 

దీక్ష తీసుకున్న కొత్తలో మనవాళ్లు కొందరు ఒక్క నెలలో అన్నీ మార్చేయాలని చూస్తారు. ఇంటిల్లిపాదితో పోట్లాడతారు, చుట్టాల గడప తొక్కరు, ఏడాది తిరిగేసరికి అలసిపోయి అన్నీ వదిలేస్తారు. బిగించి తెంచుకోవడం అది. ఇంకొందరికి ఏప్రిల్ 14, అక్టోబరు 14, డిసెంబరు 6 తప్ప మిగతా రోజుల్లో ధమ్మం గుర్తుకు రాదు. ఊగి తెంచుకోవడం అది. రోజూ కొంచెం, మానకుండా. అదే సరైన బిగువు.

చిన్న పిన్ను

ఇప్పుడు అన్నిటికన్నా చిన్న వస్తువు దగ్గరికి వద్దాం. తీగ అడుగున దాన్ని పడవకు కలిపేది ఒక పిన్ను. ఆ పిన్ను జారిపోకుండా దాని కన్నంలో దూర్చే సన్నని రింగు ఒకటి ఉంటుంది. మన కీచైన్ రింగుకు చిన్న తమ్ముడు. దాని ఖరీదు కొన్ని రూపాయలు. ఏ తాడో తగిలి అది ఊడిపోతుంది. పిన్ను మెల్లగా జారుతుంది. 19 పోగుల తీగ చెక్కుచెదరకుండా ఉంటుంది, కొయ్య గట్టిగా ఉంటుంది, చాప కొత్తది. అయినా అన్నీ కలిసి నీళ్లలో పడతాయి. అందుకే నీళ్లలోకి దిగే ముందు ప్రతిసారీ, ఎంత అనుభవం ఉన్నవాడైనా, ఆ రింగుల్ని వేలితో తాకి చూసుకుంటాడు.

మన సంఘాలు పడిపోయింది ఎక్కువగా ఇలాంటి చోట్లే. సిద్ధాంతం తేడా వచ్చి చీలిపోయిన సంఘాలు తక్కువ. బుద్ధ జయంతి చందా లెక్క చెప్పలేదని, కరపత్రం మీద పేరు ముందు వేయలేదని, వేదిక మీద కుర్చీ దొరకలేదని విడిపోయిన సంఘాలే ఎక్కువ. లెక్క రాసి గోడకు అంటించడం, చెప్పిన వేళకు రావడం, అన్న మాట మీద ఉండటం, సభ అయ్యాక కుర్చీలు అందరూ కలిసి సర్దడం. ఇవి చిన్న రింగులు. వీటిని తాకి చూసుకున్నాకే చాప ఎత్తాలి.

రెండో మనిషి కళ్లు

కొయ్య నిటారుగా ఉందో లేదో పడవలో కూర్చున్నవాడికి తెలియదు. ఒకడు కొయ్య మొదట్లో కన్ను పెట్టి పైకి చూడాలి. ఇంకొకడు ఒడ్డున దూరంగా నిలబడి చెప్పాలి. "కుడికి వాలిందన్నా, ఎడమ తీగ ఇంకాస్త బిగించు" అని.

బుద్ధ సంఘంలో ఈ ఏర్పాటు మొదటినుంచీ ఉంది. నెలకు రెండుసార్లు ఉపోసథం రోజున భిక్షువులు ఒకచోట చేరి నియమాలను చదువుకుని సరిచూసుకునేవారు. వర్షావాసం ముగిసిన రోజున పవారణ జరిగేది. ప్రతి భిక్షువూ, నాలో లోపం ఏదైనా మీ దృష్టికి వచ్చి ఉంటే దయచేసి చెప్పండి అని తోటివాళ్లను అడగాలి. ఒక పవారణ నాడు స్వయంగా బుద్ధుడే సంఘాన్ని అలా అడిగాడని సంయుత్త నికాయం చెబుతుంది. ఆలోచించండి. ఆయనే అడిగితే, మనం అడగడానికి సిగ్గెందుకు?

మనం వారం వారం పంచశీల చదువుతాం. తీగ పేరు చదవడం వేరు, తీగను పట్టుకుని చూడటం వేరు. ఈ పౌర్ణమికి ఒక పని చేయండి. వందన అయ్యాక ఇంట్లో అందరూ గుండ్రంగా కూర్చోండి. వయసులో చిన్నవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ అడగండి. "నాన్నా, నాలో ఏది వదులైందో చెప్పు" అని. వాళ్లు చెప్పింది వినండి. ఆ పూట జవాబు చెప్పకండి. భార్య చెప్పేది వినండి. మొదటి పౌర్ణమికి ఎవరూ నోరు విప్పకపోవచ్చు. మూడో పౌర్ణమికి విప్పుతారు.

ఒరిగితే లేపలేమా?

"మా ఇంట్లో ఎప్పుడో ఒరిగిపోయిందండీ, ఇప్పుడు ఏం చేయగలం?" అని బాధపడేవాళ్లు ఈ పుస్తకం చదువుతూ ఉండవచ్చు. వాళ్లు హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి తలచుకోవాలి. 1990 మార్చి 10న విగ్రహాన్ని మోసుకుపోతున్న పంటు ఒరిగింది. ఏకశిలా విగ్రహం నీళ్లలో మునిగింది. పనిచేస్తున్న మనుషుల ప్రాణాలు పోయాయి. విగ్రహం రెండేళ్లకు పైగా చెరువు అడుగున ఉంది. చివరికి దాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు 1న ఇప్పుడున్న చోట నిలబెట్టారు. మునిగిన రాయి లేచింది. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

ఇందులో మనకు రెండు మాటలున్నాయి. ఒరిగిన దాన్ని లేపవచ్చు, కాబట్టి నిరాశ వద్దు. ఒరిగినప్పుడు ఎవరో ఒకరు దెబ్బతింటారు, కాబట్టి నిర్లక్ష్యం వద్దు. మన ఇంట్లో కొయ్య విరిగితే దాని కింద ఉండేది మన పిల్లలే.

కుళ్లాల్సిన కట్లు

ఇక మొదట్లో చెప్పిన ఉపమానం. ఓడ పలకలను పేము కట్లతో బిగించిన రోజులవి. ఆరు నెలలు నీళ్లలో తిరిగిన ఓడను చలికాలం ఒడ్డుకు లాగుతారు. గాలికి, ఎండకు ఆ కట్లు ఎండిపోతాయి. వానాకాలం వచ్చి తడవగానే అవి తేలిగ్గా సడలి కుళ్లిపోతాయి. భావనలో నిలకడగా ఉన్న మనిషి సంయోజనాలు, అంటే మనసును కట్టేసే బంధాలు, అలాగే కుళ్లి ఊడిపోతాయని తథాగతుడు చెప్పాడు. అదే చోట ఆయన వడ్రంగి బాడిస మాట కూడా చెప్పాడు. బాడిస పిడి మీద వేళ్ల గుర్తులు పడతాయి. ఈరోజు ఎంత అరిగింది, నిన్న ఎంత అరిగింది అంటే వడ్రంగి చెప్పలేడు. అరిగిందని మాత్రం తెలుసు.

మీకు సందేహం రావచ్చు. ఇంతసేపూ తీగల్ని కాపాడుకోమన్నారు, ఇప్పుడు కట్లు కుళ్లడం మంచిదంటున్నారేంటి? రెండూ నిజమే. మనిషికి రెండు రకాల కట్లున్నాయి. నిలబెట్టేవి కొన్ని, కట్టిపడేసేవి కొన్ని. ప్రజ్ఞ, కరుణ, సమత నిలబెట్టేవి. కులం, లోపలి ఉపకులం, భయం, ద్వేషం, నేను తక్కువవాణ్ణన్న భావం, నేను ఎక్కువవాణ్ణన్న భావం, ఇవి కట్టిపడేసేవి. మొదటివాటిని మనం పట్టించుకోకపోతే అవి కుళ్లుతాయి. రెండోవాటిని రోజూ బిగిస్తూ పోతే అవి బలపడతాయి. మన శ్రద్ధ దేని మీద పెడితే అది నిలుస్తుంది. ఇన్నాళ్లూ మనవాళ్లు చాలామంది చేసిందేమిటి? కట్టిపడేసే కట్లకు నూనె రాశారు, నిలబెట్టే తీగల్ని ఎండకు వదిలేశారు. దాన్ని తిరగేయాలి.

ఒక్కరోజులో కులం మన మనసులోంచి పోలేదని కుంగిపోవద్దు. బాడిస పిడి ఏ రోజు ఎంత అరిగిందో తెలియదు. పని ఆపకుండా చేస్తే ఒకరోజు పిడి అరిగి ఉంటుంది.

ఈ నెల చేయాల్సిన పని

ప్రతి ఉదయం, చిన్న రింగును తాకినట్టు, పంచశీలలో ఒక శీలాన్ని తలచుకుని ఈరోజు అది ఎక్కడ పరీక్షకు వస్తుందో ఆలోచించండి. ప్రతి ఆదివారం వందన తరవాత ఆ వారంలో తెగిన పోగు ఏదో ఒక్కటి చూసుకోండి. ప్రతి పౌర్ణమికి ఇంట్లో వాళ్లను అడగండి. ఏడాదికి ఒకసారి, అక్టోబరు 14న, 22 ప్రతిజ్ఞలు ముందు పెట్టుకుని ఒక్కొక్కదాని పక్కన మన ఇంటి సంగతి రాసుకోండి. టేపు విప్పి చూడటం అంటే ఇదే.

పడవను పూజించడానికి కట్టుకోలేదు. దాటడానికి కట్టుకున్నాం. తెప్పతో ఏరు దాటినవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని తిరగడని తథాగతుడే చెప్పాడు. అయితే మనం ఇంకా నడిమధ్య ఉన్నాం. మన వెనక పడవలో పిల్లలున్నారు. గాలి ఆగలేదు, దిక్కు మారుతోంది కూడా. ఈ సమయంలో తీగ మీద చెయ్యి వేసి చూసుకునే మనిషే పడవకు కావాలి. ఆ మనిషి మీరే కావాలి.

అందరి పడవలూ ఒడ్డు చేరుగాక! అందరూ సుఖంగా ఉండుగాక!

సాధు! సాధు! సాధు!

జై భీమ్! నమో బుద్ధాయ!